అవ్వ తులసి, మగ ఈగలు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ మాట చెప్పడానికి నాకు ఇంకా విసుగు రాలేదు. బస్సులో పక్క సీటులో కూర్చున్నామెకి చెప్పాను, జిరాక్స్ షాపు అతనికి చెప్పాను, ఒకసారి రాంగ్ నంబరుకి ఫోన్ చేసినవాళ్లకి కూడా చెప్పాను. కృష్ణగిరిలో కాలేజీ, బీఎస్సీ జువాలజీ. మా నాయన హైస్కూలు దాటలేదు, అమ్మ అయిదో తరగతితో ఆపేసింది, అవ్వ వేలిముద్ర వేస్తుంది.

అయితే ఇక్కడ చెప్పాలనుకున్నది ఆ వార్త కాదు. నేను పాసైన ఆ వేసవిలో మా మామిడిచెట్లు గొడ్డలి తప్పించుకుని ఎలా నిలిచాయో చెప్పాలి. ఆ కథలో ఒక వాసన ఉంది, లెక్కలేనన్ని మగ ఈగలున్నాయి, మా అవ్వ పెంచే తులసి ఉంది.

హైవే మీద గురుబరపల్లిలో బస్సు దిగి లోపలికి నడిస్తే మా తోట వస్తుంది. అన్నీ తోతాపురి చెట్లు. మా వైపు ఆ కాయని బెంగళూరా అంటాం. చిలక ముక్కులా కొస తిరిగి ఉంటుంది. ఊరగాయకి, ఉప్పుకారానికి కొంత పోయినా, పంటలో ఎక్కువ భాగం పండ్ల గుజ్జు తీసే ఫ్యాక్టరీకే వెళ్తుంది. మా నాయన పెళ్లయిన ఏడు నాటిన చెట్లవి.

అంతకు ముందు ఏడు ఫ్యాక్టరీ వాళ్లు మా లోడుని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. కాయలు పైకి నున్నగానే ఉన్నాయి. బాగా చూస్తే సూదితో పొడిచినట్టు చిన్న చుక్కలు. గేటు దగ్గర చెకింగు చేసే ఆయన కత్తితో ఒకటి కోశాడు. లోపల గుజ్జులో తెల్ల పురుగులు మెలికలు తిరుగుతూ ఉన్నాయి, ఒకటైతే ఎగిరి ఆయన బూటు మీద పడిందట. పండు ఈగ పని అది. ఆడ ఈగ కాయ తొక్కకి సన్నగా బెజ్జం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. లోడంతా వెనక్కి తెచ్చి గుంత తవ్వి పూడ్చాం.

ఆ రోజే నాయన చెప్పేశాడు.

"ఇంకొక్క ఏడు చూస్తాను. మళ్లీ లోడు తిరిగొచ్చిందంటే చెట్లు కొట్టేసి టమాటా పెడతాను."

ఊరికే అన్న మాట కాదది. ఆ నెలలోనే కట్టె వ్యాపారి ఒకాయన తోటకి వచ్చాడు. టేపు తేలేదు. ఒక్కో మొదలుని రెండు చేతులతో కౌగిలించుకుని, వేళ్లు ఎంతవరకు అందుతున్నాయో చూసి లావు లెక్క కట్టుకున్నాడు. అమ్మ అది చూడలేక పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నేనప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాదిలోకి వచ్చాను. కీటకాలు వాసన ఎలా పసిగడతాయో మా మేడం ఒక వారమంతా పాఠం చెప్పింది. అదంతా నాకు మా తోట గురించే చెప్తున్నట్టు వినిపించింది. క్లాసులో విన్నది విన్నట్టు సాయంత్రం ఇంట్లో ఒప్పజెప్పేదాన్ని. ఎవరూ అడగకపోయినా సరే.

ఒకరోజు నాయన పంపుసెట్టు దగ్గర నట్లు బిగిస్తున్నాడు. నేను వెళ్లి అడిగాను.

"నాయనా, ఇనుముకి వాసన ఉండాదా?"

"ఉండక? ఇదో, చూడు" అని స్పానరు నా ముక్కు కింద పెట్టాడు.

"ఇది ఇనుము వాసన కాదు నాయనా. వాసన రావాలంటే ఆ వస్తువులో నుంచి అణువులు ఊడి, గాల్లో ఎగిరి, మన ముక్కులోకి రావాల. ఇనుము అట్ల ఊడి ఎగరదు. మన చేతి మీద ఉండే జిడ్డు ఇనుముకి తగిలి మారిపోతాది. గాల్లోకి లేసేది అదీ. ఇది నీ చెయ్యి వాసన."

"అంటే ఇన్నేండ్లుగా కంపు కొడతా ఉండేది నా చెయ్యేనంటావు."

"కంపు అనలే నాయనా."

"డిగ్రీ పూర్తి కానీలే. ఇంట్లో ఇంకా ఏమేమి కంపు కొడతా ఉండాయో అన్నీ చెబతావు."

అమ్మ బట్టలు ఉతుకుతూ నవ్వింది. నాయన స్పానరుని ఒకసారి, తన అరచేతిని ఒకసారి వాసన చూసుకోవడం నేను గమనించాను. మళ్లీ నట్టు బిగించుకున్నాడు.

మన ముక్కు పని చేసే తీరు నాకు గురుబరపల్లి బస్‌స్టాపులో అర్థమైంది. పాఠంలో ఉన్నది ఇదీ: ముక్కు రంధ్రాల దగ్గర మనకి వాసన తెలియదు. ఇంకా పైన, రెండు కళ్ల మధ్య ఎత్తులో, తపాలా బిళ్లంత తడి చోటు ఒకటి ఉంది. నరాల కొసలు సన్నటి నూగులా ఆ తడిలో మునిగి ఉంటాయి. వాటి మీద రిసెప్టర్లు ఉంటాయి. మనిషికి దాదాపు నాలుగు వందల రకాలు. ఎగిరి వచ్చిన అణువు ఆ తడిలో కరిగి, తనకి సరిపడే రిసెప్టరుని తాకితే ఆ నరం మెదడుకి కబురు పంపుతుంది. మరి మనం పట్టగలిగే వాసనలు నాలుగు వందల కంటే ఎంతో ఎక్కువ కదా, అదెలా? నాకు అక్కడే చిక్కుముడి పడింది.

స్టాపు ఎదురుగా ఒక టీ అంగడి ఉంది. అంగడాయన రోడ్డుకి వీపు పెట్టి టీ కాస్తుంటాడు. బస్సు వచ్చి వెళ్లాక వెనక్కి తిరిగి, స్టాపులో ఎవరు మిగిలారో చూసి, ఏ బస్సు పోయిందో చెప్పేస్తాడు. శూలగిరి హోసూరు దారిలోనే ఉంది కాబట్టి, అక్కడికి పోయేవాళ్లు శూలగిరి బస్సూ ఎక్కుతారు, హోసూరు బస్సూ ఎక్కుతారు. హోసూరు పోయేవాళ్లు శూలగిరి బస్సు ఎక్కరు. ఇద్దరూ మాయమైతే వచ్చింది హోసూరు బస్సు. ఒక్క శూలగిరి వాళ్లే మాయమైతే శూలగిరి బస్సు. బోర్డు చదవక్కర్లేదు. మెదడు చేసేదీ ఇదే. ఒక్కో అణువుకి కొన్ని రకాల రిసెప్టర్లు లేస్తాయి, కొన్ని కదలకుండా కూర్చుంటాయి. లేచిన వాటి జట్టుని బట్టి ఇది మల్లె, ఇది కిరసనాయిలు అని తెలుస్తుంది. నాలుగు వందల మందితో ఎన్ని జట్లు కట్టవచ్చో ఆలోచించండి. ఇది తట్టిన రోజు నేను ఎక్కాల్సిన కృష్ణగిరి బస్సు నా ముందే వెళ్లిపోయింది.

మామిడి పిందెలు నిమ్మకాయంత అయ్యేసరికి ఈగల్ని పట్టే డబ్బాలు కడదామని నేను నాయన వెంట పడ్డాను. కృష్ణగిరిలో పురుగుమందుల అంగట్లో పండు ఈగలకి ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతారు. ప్రక్కన రంధ్రాలు, పైన పసుపుపచ్చ మూత, లోపల వేలాడే ఒక చెక్కముక్క. ఆ చెక్కని మిథైల్ యూజినాల్ అనే నూనెలో, కాస్త పురుగుమందులో నానబెడతారు. మన ముక్కుకి లవంగం వాసనలా లీలగా తగులుతుంది. మగ పండు ఈగకి మాత్రం అది లీలగా తగలదు, దూరం నుంచి లాక్కొస్తుంది. ఈగ వచ్చి డబ్బా లోపల దూరి చస్తుంది. మగవి లేకపోతే ఆడ ఈగలు పెట్టే గుడ్లలోంచి పురుగులు రావు.

"సరే, చూద్దాం" అన్నాడు నాయన. చెట్లకి డబ్బాలు కట్టాం. నేను చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నాను. నాయనని కూడా చుట్టుకోమన్నాను. "నాకెందుకులే" అని వట్టి చేతుల్తోనే చెక్కముక్కలు తగిలించి, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. అయితే కడుక్కునే ముందు భుజం మీది తువ్వాలుకి తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను కాలేజీ బస్సు కోసం స్టాపులో ఉన్నాను. నాయన అదే తువ్వాలు వేసుకుని టీ అంగట్లో కూర్చున్నాడు. కొంచెం సేపటికి ఆయన భుజం చుట్టూ ఈగలు చేరాయి. చక్కెర డబ్బా దగ్గరికి పోవు, బన్నుల మీద వాలవు. అన్నీ తువ్వాలు మీదే.

"ఏమప్పా, తువ్వాల్లో బెల్లం మూట కట్టుకున్యావా?" అన్నాడు అంగడాయన.

పక్కన కూర్చున్న ఒక పెద్దాయన అందుకున్నాడు. "బెల్లం కాదులేప్పా. కూతురు డిగ్రీ చదవతా ఉండాది గదా, తోటలో ఈగలకి ట్యూషన్ పెట్టింది. స్కూలు విడిచినాక అయ్యవారింటికి తోడొచ్చినాయి."

అంగడంతా నవ్వింది. నాయన తువ్వాలు తీసి బెంచీ మీద పడేసి, టీ సగం వదిలేసి వెళ్లిపోయాడు. అంగడాయన కట్టెతో తువ్వాలుని ఎత్తి రోడ్డు పక్కన దూరంగా వేశాడు. ఈగలన్నీ దాని వెంటే పోయాయి. నాకు నాయనని చూస్తే పాపమనిపించింది, ఈగల్ని చూస్తే ఒళ్లు పులకరించింది. పాఠం పుస్తకంలో నుంచి లేచి వచ్చి టీ అంగట్లో కూర్చున్నట్టుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి డబ్బాలన్నీ విప్పేసి పంపుసెట్టు గది ముందు కుప్ప పోసి ఉన్నాయి. నాయన ఒక డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు. అడుగున చచ్చిన ఈగలు వేలెడు మందాన పేరుకుని ఉన్నాయి.

"చూడు. ఇన్ని ఈగలు మన తోటలో యాడ ఉన్యాయి? నువ్వు పిలిస్తేనే గదా వచ్చినాయి! ఊర్లో ఉండే ఈగలకంతా మన తోట అడ్రస్ ఇచ్చినావు."

పొద్దున తువ్వాలు చుట్టూ మూగిన ఈగల్ని చూసిన మనిషి అట్లా అనుకోవడంలో తప్పూ లేదు.

"పోయినేడు డబ్బాలు లేవు గదా నాయనా. మరి పురుగు ఎట్ల పడింది?" అన్నాను.

ఆయన డబ్బా మూత పెట్టేశాడు. కాదనలేదు, డబ్బాలు మళ్లీ కట్టనూ లేదు.

మేడం చెప్పిన ఇంకో సంగతి నాకు గుర్తొచ్చింది. ఆ నూనెలో ఉన్న అణువే కొన్ని మొక్కల్లో కూడా ఉంటుందట. తులసి వాటిలో ఒకటి. మర్నాడు పొద్దున్నే లేచి ఇంటి ముందు తులసి ఆకులు గుప్పెడు తెంపాను.

"స్నానం చెయ్యకుండా తులసి తెంపినావా మే! డిగ్రీలో ఇదేనా చెప్పింది?" అని అవ్వ కేక పెట్టింది.

"స్వామికి కాదవ్వా, ఈగలకి."

"ఇంకా బాగుంది!"

నాయన చెయ్యి పట్టుకుని తోట మధ్యలోకి తీసుకుపోయాను. అవ్వ నన్ను తిట్టుకుంటూనే వెనక వచ్చింది. డబ్బాలేవీ చెట్ల మీద లేవు. ఆకులు అరచేతిలో బాగా నలిపి చెయ్యి చాపి నిలబడ్డాను. తులసి ఘాటు ముందు మా ముక్కులకే తగిలింది. తర్వాత గాలి దాన్ని చెట్ల వైపు మోసుకుపోయింది.

"ఇప్పుడు చూడు నాయనా. ఇప్పుడే లేచిన వాసన ఇది. పక్కూరి ఈగలు ఇంత బిన్నే, రెప్పపాటులో రాలేవు. వచ్చినాయంటే, ఈడ ఉండేవే."

గాలి వాలున ఉన్న చెట్టు కొమ్మల్లో నుంచి మొదటి ఈగ వచ్చింది. తిన్నగా రాలేదు. వాసన గాల్లో పొగలాగా తీగలు తీగలుగా సాగుతుంది. తీగ తగిలినప్పుడు ఈగ గాలికి ఎదురెక్కుతుంది, తీగ తప్పిపోతే అటూ ఇటూ అడ్డంగా తిరిగి మళ్లీ వెతుక్కుంటుంది. అట్లా వంకర్లు తిరుగుతూ వచ్చి నా బొటనవేలి మీద వాలింది. ఇంకోటి వచ్చింది. నేను నాయనకి సంగతి చెప్పేలోపు అరచేతి మీద చాలా ఈగలు చేరి ఆకు రసం నాకుతున్నాయి.

"ఇవి యాడుండినాయి?" అన్నాడు నాయన.

"ఈడే. మన చెట్లలోనే. మనకి కనబడలే, అంతే."

ఒకదాని తల దగ్గర చూపించాను. "ఈ చిన్న మీసాలు ఉండాయి చూడు, దాని ముక్కు అదే. మీసం నిండా వెంట్రుకలు, వెంట్రుకకంతా కంటికి కనబడని బెజ్జాలు. వాసన అణువు ఆ బెజ్జంలో దూరతాది. లోపల నీళ్లలాంటిది ఉంటాది. దాంట్లో ప్రొటీను ఒకటి అణువుని మోసుకుపోయి నరం కాడ దించుతాది."

"కూలోని మాదిరి."

"అదే. లోడు దించే కూలి."

నాయన ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. "నూనెకి వచ్చేది అన్నీ మగవేనంటివి. తెలిసేది ఎట్ల?"

"ఆడదానికి తోక కొస సూది మాదిరి ఉంటాది, కాయకి పొడిచేది దాంతోనే. వీటికి లేదు చూడు."

"ఆడవి యాడ పోయినాయి మరి?"

"చెట్ల మీదే ఉంటాయి. మగవి ఈ రసం తాగి, కడుపులో ఇంకో వాసనగా మార్చుకుంటాయి. ఆ వాసన ఉండే మగదంటే ఆడదానికి ఇష్టం."

అవ్వ అంతవరకు మూతి ముడుచుకుని నిలబడింది. ఇది విని పకపకా నవ్వింది. "పెండ్లిచూపులకి పోయే ముందర సెంటు కొట్టుకునే దానికి వచ్చినాయా అయితే! పాపం, వీటికి మీ డబ్బాల్లో సమాధి."

నాయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నం తనే నిచ్చెన వేసుకుని డబ్బాలన్నీ మళ్లీ కట్టాడు. ఈసారి చేతికి కవరు చుట్టుకున్నాడు. రాలిన కాయల్ని రోజూ ఏరి గుంతలో పూడ్చడం అమ్మా నేనూ చూసుకున్నాం. రాలిన కాయలో ఉన్న పురుగు మట్టిలోకి దిగి ఈగగా లేస్తుంది కాబట్టి ఆ పని కూడా డబ్బాలంత ముఖ్యం. వారం వారం డబ్బాలు ఖాళీ చేస్తుంటే అడుగున ఈగల మందం తగ్గుతూ వచ్చింది. ఖాళీ చేసే ముందు నాయన ప్రతి డబ్బానీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు.

కట్టె వ్యాపారి మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాడు. "మొదటి లోడు పోనీప్పా, చెబతాను" అన్నాడు నాయన.

కాయ కోతకొచ్చిన వారమే నా రిజల్ట్ వచ్చింది. ఫోన్‌లో పేరు పక్కన పాస్ అని చూసి నేను తోటంతా పరుగెత్తాను. కాయ కోసేవాళ్లు చెట్ల మీద నుంచే "ఏమైందమ్మా?" అని అరిచారు. అందరికీ చెప్పాను.

లోడు ఎత్తే రోజు కాలేజీలో నా సర్టిఫికెట్ తీసుకోవాల్సి ఉంది. ఫ్యాక్టరీ కృష్ణగిరి దారిలోనే కాబట్టి టెంపోలో నాయనతోపాటు బయల్దేరాను. అవ్వ పుట్టిల్లు బాగలూరు వైపు. ఆ వైపంతా పూలతోటలే. పూలు కట్టడంలో ఆమె చెయ్యి వేగం మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఏడాదిలో మొదటి లోడు పోయేటప్పుడు తులసి కొమ్మలు గుత్తిగా కట్టి లోడు మీద పెట్టడం ఆమె అలవాటు. మొదటి పంట స్వామిదని ఆమె లెక్క. ఆ పొద్దున కూడా స్నానం చేసి, తడి జుట్టుతో పెద్ద గుత్తి కట్టి తెచ్చింది. నాయన దాన్ని లోడు ముందు వైపు కాయల మీద పెట్టి, పైన తాడు వేసి, కాలు తన్నిపెట్టి బిగించాడు. తాడు కింద ఆకులు నలిగి తులసి వాసన గుప్పుమంది. నేను ముందు సీట్లో కూర్చుని, సర్టిఫికెట్‌కి ప్లాస్టిక్ ఫైలు కొనాలా, లామినేషన్ చేయించాలా అని ఆలోచిస్తూ ఆ వాసన హాయిగా పీల్చాను. అవ్వ చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. టెంపో కదిలింది.

కుందారపల్లి దాటి ఫ్యాక్టరీ గేటు చేరేసరికి ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. పక్కన పనికిరాని కాయల కుప్పలు. ఎండ ఇంకా ముదరలేదు. వరసలో మెల్లగా జరుగుతూ మా వంతు వచ్చింది. టోపీ పెట్టుకున్న చెకింగ్ ఆయన కత్తి పట్టుకుని మా లోడు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. పోయినేడు మా కాయ కోసింది ఆయనే. తమిళంలో ఏదో అనబోయి, మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తెలుగులోకి మారాడు.

"ఏందప్పా ఇది? లోడు మీద ఇంత ఈగ!"

నేను దిగి చూశాను. లోడు ముందు భాగం మీద పండు ఈగలు మూగి ఉన్నాయి. తాడు మీద, కాయల మీద, కొన్ని గాల్లో.

"ఇంత ఈగ ఉంటే లోపల పురుగు లేకుండా ఉంటాదా? పోయినేడు కూడా మీదే గదా? బండి తిప్పుకోండి. ఎనకాల శానా లోడ్లు ఉండాయి."

"ఒకటి కోసి చూడండి సార్" అన్నాడు నాయన.

"కోసేదేముంది? కనబడతా ఉండాది గదా."

నాయన వెనక్కి తిరిగాడు. టెంపో తలుపు మీద చెయ్యి వేసి నావైపు చూడకుండా, "ఎక్కు పాపా, పోదాం" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. కట్టె వ్యాపారికి జవాబు ఆ గొంతులో అప్పుడే తయారైపోయింది.

నేను ఎక్కలేదు. లోడు వెనక భాగం చూశాను. అక్కడ ఈగలు లేవు. పక్కల్లో ఒకటీ అరా. అన్నీ ముందు వైపే, తాడు కిందే. కాయల్లో పురుగుంటే, కాయల కోసం వచ్చిన ఈగలైతే, వెనక కాయలు ఏం పాపం చేశాయి? అప్పుడు గాలి తిరిగి నా ముక్కుకి తగిలింది. తులసి.

"సార్, ఒక్క నిమిషం! ఇవన్నీ మగ ఈగలు సార్!"

వరసలో ఉన్న డ్రైవర్లు నవ్వారు. "ఆధార్ కార్డు చూసినావామ్మా?" అన్నాడొకడు.

చెకింగ్ ఆయన కూడా నవ్వాపుకుంటున్నాడు. "మగదో ఆడదో అడిగి లోడు దించుకుంటామా మేము?"

"మగది గుడ్డు పెట్టదు సార్. ఇవి మా తోటవి కాదు, మీ కుప్పల కాడ ఉండేవి. మా కాయకి వచ్చినవి కాదు సార్, తులసికి వచ్చినాయి. మా అవ్వ కట్టింది."

చెబుతూనే చక్రం మీద కాలు పెట్టి లోడెక్కాను. నాయన కట్టిన ముడి ఊడి రాలేదు. తాడు కింద నుంచి గుత్తిని గుంజాను, సగం ఆకులు ఊడి కాయల మధ్య పడ్డాయి. వాటిని కూడా ఏరుకున్నాను. గుత్తి పట్టుకుని దిగి, గేటు నుంచి దూరంగా ఉన్న ముళ్లకంచె దాకా నడిచాను. ఈగలు నాతోపాటు వచ్చాయి. నా మోచేతుల మీద, జడ మీద, చున్నీ మీద. గుత్తిని కంచె మీద తగిలించి వెనక్కి వచ్చేశాను. కొన్ని నా చేతుల వెంట మళ్లీ వచ్చాయి. మిగిలినవి కంచె దగ్గరే ఉండిపోయాయి.

టెంపో మీద ఈగలు పలచబడ్డాయి. పూర్తిగా పోయాయని చెప్పను. నలిగిన ఆకు రసం కాయలకి అంటుకున్న చోట కొన్ని ఇంకా తిరుగుతున్నాయి.

చెకింగ్ ఆయన ఒకసారి కంచె వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "ఏం చదివినావు?"

"బీఎస్సీ జువాలజీ సార్. పోయిన వారమే పాసైనాను." ఆ సమయంలో కూడా ఆ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆయన పై కాయలు ముట్టుకోలేదు. చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి ఒక కాయ తీశాడు. బొటనవేలితో తొక్క అంతా రుద్ది చూసి కోశాడు. నాయన కాయని చూడటం లేదు, కోసే ఆయన ముఖాన్నే చూస్తున్నాడు. లోపల పసుపుపచ్చ గుజ్జు, శుభ్రంగా ఉంది. వెనక నుంచి ఇంకోటి కోశాడు. తర్వాత ఈగలు మూగిన చోట నుంచే వరసగా కొన్ని కోశాడు. ఒక దాంట్లో మాత్రం టెంకె దగ్గర కాస్త నల్లగా ఉంది. కత్తి మొనతో కెలికి చూసి, "దెబ్బ తగిలింది, పురుగు కాదు" అని పక్కన పడేశాడు.

"పోనీండి లోపలికి" అన్నాడు. తర్వాత నాయనతో, "మీ అమ్మకి చెప్పప్పా, తులసి ఇంట్లో స్వామికే పెట్టుకోమను. నా గేటుకి ఇంకో పని పెట్టొద్దండి" అన్నాడు.

టెంపో లోపలికి కదిలింది. నాయన కాయలు దించి, ఖాళీ బండితో బయటికి వచ్చేదాకా గేటు పక్కన నిలబడ్డాను. నా చేతుల మీద తులసి వాసన, ఇంకా వదలని ఒకటి రెండు ఈగలు.

కాలేజీకి పోయి సర్టిఫికెట్ తీసుకున్నాను. నాయన గేటు బయట టెంపోలోనే కూర్చున్నాడు. కాగితం చేతికిస్తే రెండు వైపులా తిప్పి చూసి, "ఇదేనా?" అన్నాడు. "ఇదే" అన్నాను. ఎండ తగలకుండా సీటు వెనక పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు గురుబరపల్లి టీ అంగడి ముందు బండి ఆపాడు. ఈగల తువ్వాలు రోజు తర్వాత ఆయన ఆ అంగడి మెట్టు ఎక్కలేదు. లోడు ఏమైందని ఎవరో అడిగారు.

"పాసైంది" అన్నాడు నాయన. ఆ మాటతో ఆగలేదు. "ఈగకి ముక్కు యాడుంటాదో తెల్సునా మీకు? మీసంలో. మీసం నిండా బెజ్జాలు. దాంట్లో వాసన దూరితే లోపల ఒక కూలోడు ఉంటాడు. వాడు నెత్తిన పెట్టుకుని మోసుకుపోయి నరం కాడ దించుతాడు."

"కూలోడా? ఈగ మీసంలోనా?" అన్నాడు అంగడాయన.

"ప్రొటీనప్పా. నీకు ఎట్ల చెప్పేది."

నేను టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ఆయన చెప్పినదాంట్లో సరిచేయాల్సింది పెద్దగా లేదు కూడా.

అక్కడే కట్టె వ్యాపారి ఫోన్ వచ్చింది. నాయన ఫోన్ చెవికి పెట్టుకుని రోడ్డు దాకా నడిచాడు. లారీల రొదలో సగమే వినబడింది. "లేదప్పా... ఈ ఏడు లేదు... వచ్చే ఏడు కూడా నమ్ముకోవద్దు... టమాటా మాట ఇప్పుడెందుకులే."

ఇంటికెళ్లి జరిగింది చెప్తే అవ్వ ఒప్పుకోలేదు.

"స్వామికి కట్టిన తులసికి మగ ఈగలు వచ్చి మొక్కుకుంటే తప్పు నాదా? గేటాయనకి భక్తి లేదు."

"నీ తులసి వల్ల లోడు తిరిగొచ్చేది తెల్సునా?" అన్నాడు నాయన.

"తిరిగి రాలే గదా? తులసే కాపాడింది పో."

ఆమెతో ఎవరూ వాదించలేదు. అయితే రెండో లోడు నిండిన పొద్దున ఆమె తులసి మొక్క జోలికి పోలేదు. లోడు బోసిగా పంపడానికీ ఆమెకి మనసు రాలేదు. దొడ్లో బంతిపూలు కోసి, గట్టిగా దండ కట్టి, టెంపో దగ్గరికి తెచ్చింది. నాయన తాడు చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఉండమ్మా, ఇప్పుడే పెట్టొద్దు" అన్నాడు. తర్వాత ఇంట్లోకి కేకేశాడు. "పాపా! బంతిపూలకి ఏ ఈగ వస్తాదో చూసి చెప్పు. నువ్వు చెప్పినాకే కడతాను."

నేను దండలోంచి ఒక పువ్వు తెంపాను. రేకులు నలిపి అరచేతిలో పెట్టుకుని తోట మధ్యకి పోయి, గాలికి వీపు పెట్టి నిలబడ్డాను. నాయన బండి స్టార్ట్ చెయ్యకుండా, తాడు ముడి వెయ్యకుండా, నేను ఏం చెబుతానా అని చూస్తూ ఉన్నాడు.